ఏ యూరు చూడవలెను?

యాత్ర మనకు క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, పదునైదు మాసములకు పైగా త్రోవలోనే గడపి, 1831 సెప్టెంబరులో తిరిగి యిల్లు చేరిరి. వారి కాశీయాత్రచరిత్రలో దేవాలయముల సంగతులే కాక, ఏ యూర నీరు మంచిది, త్రోవ యెట్లున్నది, ఏ సీమలో ప్రజ యెట్లు బ్రదుకుచున్నది అను సంగతులును కలవు. పుణ్యమునకై పోయిన మనుష్యుడు ప్రజను చూచి వచ్చెను. ఆ గ్రంథము నేటికిని చదువదగినదై యుండుటకు కారణ మదియే యని నా తలంపు.

ఒకప్పుడు సముద్రము దాటివచ్చినవానికి ప్రాయశ్చిత్తము విధించిన సంఘమే యీనాడు బిడ్డలను సీమకు పంపి, వారిని చూచుటకై తానును విమాన మెక్కుచున్నది. ఇది మేలైన మార్పు. కొడుకింటికో కూతురింటికో పోయిన తలిదండ్రులు రెండు మాసము లుందురు. అందులో బిడ్డలకు సెలవు దొరకునది పది దినములు. ఆ పది దినములలో ఏ యూళ్లు చూడవలెనను ప్రశ్న ప్రతి యింటను పుట్టుచున్నది. చూచుటకు చిన్నదిగా గనబడు నీ ప్రశ్నలో పెద్ద సంగతి యిమిడియున్నది. ఏండ్లతరబడి కూడబెట్టిన ధనము, మరల రాని యవకాశము, ముసలివారి మోకాళ్ల సత్తువ, ఇవన్నియు ఆ యెన్నికపై నాధారపడియున్నవి. అంతకంటె ముఖ్యముగా, పరదేశచరిత్రమునుండి మన పిల్లల కేమి తెచ్చి యిత్తుమనునది దానిపై నాధారపడియున్నది.

2018లో నేనును, నా భార్యయు, మా యక్కయ్యయు, బావగారును ఇంగ్లండు పోయితిమి. మా మేనకోడలు లీడ్సు నగరమున కాపురమున్నది. ఆమెకు శ్రమ యేలయని తలచి, యాత్రలు నడపు నొక సంస్థవారికి సొమ్ము చెల్లించి, ఏడు దినములలో తొమ్మిది యూళ్లు చూచితిమి. చూచితి మనుటకంటె దాటితి మనుట సత్యము. బస్సు ఆగును; త్రోవ చూపువాడు ఇరువది నిమిషములనును; అందు పది నిమిషములు మరుగుదొడ్డికడ వరుసలో గడచును; తక్కిన పది ఫొటోలకు చాలవు. గోపుర మెంత యెత్తో చెప్పిరి. కోట కట్టించిన రాజునకు రాణు లెందరో చెప్పిరి. ఆఱవనాటి సాయంకాలము మా యక్కయ్య, ముప్పది యేండ్లు బడిలో చరిత్రపాఠము చెప్పిన మనిషి, నావంక తిరిగి, "తమ్ముడా, ఇన్ని యూళ్లు చూచితిమి గదా, ఏ యూరిలోనైనను మనుష్యు లుండిరా?" అని యడిగెను. బావగారు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు.

చరిత్రగల యూరనగా పాతయూరని మనవారి తలంపు. పాతదనము ఱాళ్లకును కలదు. ఒక యూరి మనుష్యులు తమ బ్రదుకును గూర్చి తామొక నిశ్చయము చేసికొన్నప్పుడు గాని, పరులు చేసిన నిశ్చయమునకు తాము బలియైనప్పుడు గాని ఆ యూరికి చరిత్ర పుట్టును. కావున ఏ యూరి నెన్నుకొనుటకు ముందైనను మూడు ప్రశ్నలు వేసికొనుట మేలని నేను నేర్చుకొంటిని. ఇచట కట్టినదానికి వెల యెవరు చెల్లించిరి? ఇచటి సామాన్యు లేమి చేసిరి? ఆ కథలో మన యింటికి పనికివచ్చునది యేమున్నది? ఈ మూటికిని సమాధానము దొరకునట్టి యూరు కుగ్రామమైనను పోదగినది. దొరకనిచో రాజధానియైనను మరియొక పర్యాయమునకు విడువదగినది. బ్రిటనునుండియే కొన్ని నిదర్శనములు చెప్పెదను. మనవారు హెచ్చుగా పోవు దేశ మది. నేను చూచినదియు నదియే.

మొదట నొక నగరమును తీసికొందము. లీడ్సునుండి యార్కునకు రైలుబండిలో అరగంట ప్రయాణము. రోమనులు క్రీ. శ. 71 ప్రాంతమున అచట కోట వేసిరి. తరువాత ఉత్తరసముద్రపు వైకింగులు దాని నేలిరి. మధ్యయుగపు ప్రాకారముపై నేటికిని నడువవచ్చును. బస్సులవారు చూపునది యింతవరకే. క్లిఫర్డుబురుజను నొక గుండ్రని ఱాతికట్టడము మిట్టమీద నున్నది. 1190వ సంవత్సరమున ఆ మిట్టపైనున్న కొయ్యకోటలో నగరమందలి యూదులు ప్రాణభయముచే దాగిరి. మూక చుట్టుముట్టెను. సుమారు 150 మంది, స్త్రీలు బిడ్డలతోకూడ, అచట నశించిరి. వారిలో పలువురు మూకచేత చిక్కుటకంటె తమ చేతులతో తామే చచ్చుట మేలనుకొనిరి. అదే నగరమున 1899లో సీబోమ్ రౌంట్రీ యను చాకొలెట్టు వర్తకుని కుమారుడు కూలివారి యిండ్ల నింటింట విచారింపజేసి, 1901లో ఆ ఫలితములను గ్రంథముగా ప్రకటించెను. నగరజనములో నాల్గవవంతునకు మించినవారు లేమిలో నున్నారనియు, దానికి సోమరితనము, త్రాగుడు మాత్రమే కారణములు కావనియు, ఒడలు వంచి పనిచేసినను కడుపు నిండనంత తక్కువ కూలి యనేకులకు మూలకారణమనియు ఆయన లెక్కలతో చూపెను. మిట్టమీది కథయు, ఈ లెక్కల కథయు తెలిసి ఆ ప్రాకారముపై నడచినవానికి యార్కు మరియొక యూరుగా కనబడును.

ఇక పల్లె. మా రెండవయాత్ర 2023లో జరిగినది. అప్పటికి బావగారు లేరు. 2021 మే నెలలో కరోనా వారిని గొనిపోయినది. చివరి నాలుగు దినములు ఆసుపత్రిలో వారిని చూచుటకు అక్కయ్యకు అనుమతి దొరకలేదు. దహనమునకు ఇద్దరినే రానిచ్చిరి. ఆ యిద్దరిలో ఆమె లేదు. ఆ సంగతి యామె యెన్నడు నెత్తలేదు. మేనకోడలు మరల రమ్మని పిలిచినప్పుడు, "ఈ పర్యాయము ఊరిని నేనెన్నుకొందును" అని మాత్రము చెప్పెను. ఆమె యెన్నుకొన్నది ఈమ్ అను పల్లె.

ఈమ్ డార్బీషైరు కొండలలో, షెఫీల్డునకు పండ్రెండు మైళ్ల దూరమున నున్నది. 1665లో లండనునగరమున మహామారి చెలరేగుచుండగా, అచటినుండి ఈమ్ గ్రామపు దర్జీ యొకనికి బట్టలమూట వచ్చెను. ఆ మూట విప్పిన విక్కర్సు అను పనివాడు సెప్టెంబరు 7వ తేదీని మరణించెను. బట్టలలో దాగిన పురుగులే రోగమును తెచ్చినవని పరంపరగా వచ్చుచున్న కథనము. చలికాలమున తగ్గినట్లే తగ్గి, 1666 వేసవిలో వ్యాధి విజృంభించెను. జనులు పారిపోవ దలచిరి. పారిపోయినచో రోగము చుట్టుపట్ల యూళ్లకు ప్రాకును.

అప్పటి మతగురువు మాంపెసన్ యౌవనుడు, ఊరికి క్రొత్తవాడు. జను లాయనను పూర్తిగా నమ్మలేదు. వారు నమ్మినది స్టాన్లీ యను పాతగురువును. రాజ్యము విధించిన ప్రార్థనాపద్ధతికి లొంగనందున స్టాన్లీ పదవి గోలుపోయి యుండెను. ఎడమొగము పెడమొగముగా నుండదగిన యీ యిద్దరును ఒక్కటై, ఊరివారిని కూర్చి, పొలిమేర దాటవలదని యొప్పించిరి. చర్చి తలుపులు మూసి, ఆరుబయట లోయలో ఎడమెడముగ నిలిచి ప్రార్థన జరుపుకొనిరి. ఏ యింటి శవమును ఆ యింటివారే తమ దొడ్డిలోనో పొలములోనో పాతిపెట్టవలెనని కట్టడి చేసికొనిరి. పొలిమేరయందు గుంటలు తొలిచిన ఱాయి యొకటి నేటికిని కలదు. ఆ గుంటలలో వెనిగరు పోసి నాణెములు వేసెడివారు. పొరుగూరివారు ఆహార ముంచి నాణెములు గైకొనెడివారు. ఆగస్టులో మాంపెసన్ భార్య కేథరిన్ మరణించెను. నవంబరునకు రోగము శమించెను. అప్పటికి 260 మంది గతించిరని ఊరివారి లెక్క.

ఆ పల్లెలో చూడదగిన మహాసౌధ మేదియు లేదు. కొన్ని పాతయిండ్ల గోడలపై పలకలున్నవి. ఆ యింట నెవరెవరు ఏ తేదీని పోయిరో వానిపై వ్రాసియున్నది. తండ్రి, కొడుకు, పసిబిడ్డ, పనికత్తె, పేరునకు ప్రక్క పేరు. ఊరికి కొంతదూరమున పొలములో చిన్న ఱాతిగోడ కలదు. దాని లోపల హాంకాకు కుటుంబపు సమాధులున్నవి. ఎలిజబెతు హాంకాకు అను నిల్లాలు 1666 ఆగస్టులో ఎనిమిది దినములలో భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతోనే పాతిపెట్టినది. అక్కయ్య ఆ గోడకడ చాలసేపు నిలుచుండెను. తరువాత, "చేతులార పంపుకొను భాగ్యమైన నీమెకు కలిగినది" అనెను. బావగారి మరణమును గూర్చి రెండేండ్లలో ఆమె నోట వెలువడిన మొదటిమాట యది. మేనకోడలు తల్లిచేయి పట్టుకొనెను. అచట మాకు ఇరువది నిమిషములని చెప్పువా డెవడును లేడు.

అట్లని యీమ్ గ్రామమును పూజాస్థలముగ చేయ నక్కరలేదు. మాంపెసన్ కట్టడికి ముందే తన బిడ్డలను వేరొకచోటికి పంపివేసెను. వసతిగలవారు కొందరు ముందే వెడలిపోయిరి. మిగిలినవారిలో హెచ్చుమంది పోవుటకు చోటులేనివారు. త్యాగకథకు తరువాతి రచయితలు మెఱుగులు దిద్దిరి. ఇదంతయు తెలిసికొన్నను వారి కష్టము తగ్గదు. కష్టకాలమున భార మెవరిపై పడునను సంగతి మాత్రము స్పష్టమగును. 2020లో మన రహదారులపై మూటలతో నడచిన కూలివారిని చూచిన మనకు ఆ సంగతి వేరుగా చెప్పవలెనా?

ఆ యాత్రయందే స్కాట్లండునకు పోయి న్యూ లానార్కు చూచితిమి. అది గ్లాస్గో నగరమునకు ఆగ్నేయముగ క్లైడునది యొడ్డున, లోతైన లోయలో నున్న నూలుమిల్లుల పల్లె. డేవిడ్ డేల్ అను వర్తకుడు 1786 ప్రాంతమున దానిని నెలకొల్పెను. అనాథబాలబాలికలు ఆ మిల్లులలో పనిచేసెడివారు. 1800లో నాయన యల్లుడు రాబర్టు ఓవెన్ నిర్వహణము వహించెను. పదియేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొన గూడదని ఆయన నియమము. 1816 జనవరి 1వ తేదీని ఆయన తెఱచిన విద్యాలయమున నడక నేర్చిన పసివారు మొదలు కూలివారి బిడ్డలందరకును ప్రవేశము. బెత్తము లేదు, పాటలు, నాట్యము, గోడలపై జంతువుల బొమ్మలు కలవు. పల్లెలో నడపిన దుకాణమున మంచి సరుకు సరసమైన ధరకు దొరకెడిది. దానిపై వచ్చిన లాభము బడికి వినియోగపడెను. తరువాతి సహకారోద్యమమునకు ఈ దుకాణ మొక ప్రేరణ.

ఇచటను మొదటి ప్రశ్న మరువరాదు. ప్రతి కూలివాని ప్రక్కను నాలుగు రంగుల కొయ్యముక్క యొకటి వ్రేలాడుచుండెను. నిన్నటి నడవడి చెడ్డదైన నలుపు, సామాన్యమైన నీలము, మంచిదైన పసుపు, మిక్కిలి మంచిదైన తెలుపు బయటికి కనబడును. కొరడాకంటె నిది మేలే. కాని పెద్దవారిని బడిపిల్లలవలె చూచుట గాదా? మరియు ఆ మిల్లులలో వడకిన ప్రత్తిలో చాలభాగము అమెరికా, వెస్టిండీసుల తోటలలో బానిసలు పండించినది. తన పల్లెబిడ్డలకు బెత్తము తప్పించిన ధర్మాత్ముని సొమ్ములో కొరడా దెబ్బలు తిన్నవారి చెమట కలదు. 1968లో మిల్లులు మూతపడెను. 2001లో ఆ పల్లెను ప్రపంచవారసత్వస్థలముగ గుర్తించిరి. అచట నిలిచి మేలును కీడును ఒక్కమారు చూడనేర్చిన బాలునకు పాఠ్యపుస్తకములోని గొప్పవారిని గూర్చి గ్రుడ్డిభక్తియు గ్రుడ్డిద్వేషమును రెండును తగ్గును.

సంఘసంస్కరణమునందు అభిమానముగల తెలుగువారు బ్రిస్టలు నగరమును తప్పక చూడవలెను. రాజా రామమోహనరాయలు 1830 నవంబరులో, అనగా వీరాస్వామయ్యగారు కాశీయాత్రలో నుండగనే, కలకత్తానుండి ఇంగ్లండునకు ఓడ యెక్కిరి. మొగలు చక్రవర్తి పక్షమున రాయబారమొకటి. 1829లో నిషేధింపబడిన సతీసహగమనమును మరల తెప్పింపజూచిన ఛాందసుల విజ్ఞాపనమును ప్రతిఘటించుట మరియొకటి. 1832లో ఆ విజ్ఞాపనము త్రోసివేయబడెను. 1833 సెప్టెంబరు 27వ తేదీని రాయలు బ్రిస్టలుదగ్గర కన్నుమూసిరి. 1843లో ద్వారకానాథ టాగూరు వారి యస్థులను ఆర్నోస్ వేల్ శ్మశానవాటికకు మార్పించి, మన దేశపు ఛత్రిరీతిని మండపము కట్టించెను. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు జరిపించిన వితంతువివాహమునకు వెనుకటి దారిలో ఆ మండపమున్నది.

అదే నగరపు ఓడలు లక్షలకొలది ఆఫ్రికావాసులను బానిసలుగా గొనిపోయినవి. ఆ వ్యాపారమున భాగస్వామియైన కోల్‌స్టన్ అను ధనికునకు, దాత యని, 1895లో విగ్రహము నిలిపిరి. 2020 జూన్ 7వ తేదీని జనులు దానిని పడద్రోసి రేవులో పడవైచిరి. ఇప్పుడది వస్తుప్రదర్శనశాలలో రంగుపూతలతోనే వెల్లకిల పరుండబెట్టబడియున్నది. రామమోహనుని విగ్రహము నగరమధ్యమున నిలుచున్నది. ఒక్క దినములో రెండును చూడవచ్చును.

తెలుగుదేశపు జాడలను వెదకువారికి రెండుచోట్లు చెప్పెదను. లండనునందలి బ్రిటిషు మ్యూజియమున అమరావతీస్తూపపు శిల్పములు 120కి పైగా కలవు. 1859లో నవి లండను చేరినవి. కృష్ణాతీరపు సున్నపురాతిపై చెక్కిన స్త్రీపురుషులను అద్దముచాటున చూచినప్పుడు కలుగు గర్వమును, దుఃఖమును వేరుచేయుట కష్టము. లండనునకు దక్షిణమున డార్కింగు అను చిన్నపట్టణమున ఆర్థరు కాటనుదొర సమాధి యున్నది. ధవళేశ్వరపు టానకట్ట 1852లో ముగిసినది. ఆయన 1899లో పోయెను. గోదావరిజిల్లాలవారు అచట పూలుంచి వచ్చుచుందురు. ఉంచుట తగును. ఆ యానకట్టకు ఱాయి మోసిన కూలివారి పేర్లు మన కేల తెలియవని కూడ అచటనే తలచుకొనుటయు తగును.

సెలవులు విశ్రాంతికొఱకు గదా, మరణములు, బానిసతనము చూచుటకు పోవలెనా యని కొంద రందురు. దినమంతయు దుఃఖింపుమని నేను చెప్పను. ఈమ్ చుట్టును పచ్చని కొండలున్నవి. న్యూ లానార్కుదగ్గర జలపాతము లున్నవి. యార్కుచర్చి రంగుటద్దములు చూడ కన్నులు చాలవు. రోమనుల స్నానశాలలుగల బాతునగరమునకును, సముద్రతీరమునకును పోదురు గాక. కాని సౌందర్యముతోపాటు సత్యమును చూచిన మనస్సు అలసిపోదు. తొమ్మిది ఊళ్లు దాటిన మనస్సే యలసిపోవును.

పది దినములకు నాలుగూళ్లు చాలును: ఒక నగరము, రెండు పల్లెలు, పిల్లల కిష్టమైన దొకటి. ఒక్క పల్లెలోనైనను రాత్రి బసచేయవలెను. బస్సులు వెడలిపోయిన తరువాతనే ఊరు తన స్వరముతో మాటలాడును. చిన్న ప్రదర్శనశాలలు చలికాలమున మూసియుండుట కలదు గాన ముందుగ విచారింపవలెను. న్యూ లానార్కునకు నిటారైన దిగుడు దారి. ముసలివారి సంగతి యాలోచింపవలెను. ఈమ్‌లో పలకలున్న యిండ్లలో నేటికిని సంసారులు కాపురమున్నారు. కిటికీలలో తొంగిచూచుట మర్యాద కాదు. పోవుటకు ముందు ఆ యూరిని గూర్చి యొక్క పుస్తకమైనను ఇంటిల్లిపాదియు చదువవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, ఎన్నిక యింటి యజమాను డొక్కడే చేయరాదు. మన యిండ్లలో యాత్ర నిశ్చయించువాడు పురుషుడు, మూటలు గట్టునది స్త్రీ. మా యింటను అట్లే జరిగినది. అక్కయ్య యెన్నుకొనకయున్నచో నేను ఈమ్ పేరైనను వినియుండను.

తిరిగివచ్చినపిమ్మట అక్కయ్య మా యూర నొక నోటుపుస్తకము కొనెను. ఉన్నతపాఠశాల బాలికలను వెంటబెట్టుకొని, 2020, 2021 సంవత్సరములలో ఏ యింట నెవరు పోయిరో వ్రాయుచున్నది. మొదటి పుటలో బావగారి పేరు లేదు. మా వీథి వంతు వచ్చినప్పుడు వ్రాసెదనని చెప్పినది. పుస్తకము చివరిపుటలో మాత్రము టాల్పడిల్ అను పేరున్నది. 1834లో కూలిరేట్లు తగ్గింపవలదని కలిసి ప్రమాణము చేసినందుకు ఆరుగురు పాలేళ్లను అచటినుండి ఆస్ట్రేలియాకు ద్వీపాంతరము పంపిరి. దేశమంతటను అలజడి చెలరేగగా 1836లో క్షమించిరి. వచ్చు వేసవికి నేను సిద్ధముగనుండవలెనని యామె యాజ్ఞ.